రోరీ పెండర్ ఎడమ కాలు

ఆ గురువారం సాయంత్రం అయిదున్నర దాకా వెల్మా పాస్కో మహా సంతోషంగా ఉంది. అయిదూ ముప్ఫై అయిదుకి నోటుపుస్తకం తెరిచింది.

హెరన్స్ క్లబ్బు వెనక రేకుల హాల్లో పదిమంది అభిమానులు నేల మీద మోకాళ్లు వేసి ముడతల కాగితం అతికిస్తున్నారు. నీలం మీద తెలుపు. శనివారం పెద్ద జట్టు మైదానంలోకి దూసుకొచ్చేటప్పుడు చీల్చుకుని రావలసిన కాగితపు తెర అది. ఇల్లంత ఎత్తు ఉంటుంది. ఆరు గంటల పని మూడు సెకన్లలో చిరిగిపోతుంది. ఆ మూడు సెకన్ల కోసం వీళ్లు ఆట ఉన్న ప్రతి వారం మోకాళ్లు అరగదీసుకుంటారు.

ఈ వారం తెర మీద ఒకే ఒక్క పేరు ఉంది. రోరీ పెండర్. పంతొమ్మిదేళ్ల కుర్రాడు. ఏడాదిన్నరగా రెండో జట్టులో నలిగి నలిగి, ఈ శనివారం మొట్టమొదటిసారి పెద్ద జట్టు జెర్సీ తొడుక్కోబోతున్నాడు.

“వెల్మా! నిద్రపోయావా తల్లీ? లెక్క చెప్పు” అని అరిచాడు స్టావ్రోస్. ముప్ఫై ఏళ్లు వేయించిన చేపల కొట్టు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. విశ్రాంతి అంటే ఇదే. చేతిలో కత్తెర, మీసాల మీద జిగురు. “ఎడమ కాలితో ఎన్ని గోల్స్ కొట్టాడో చెబితే కింద అంకె అతికిస్తా.”

“తొందరేంటి? ఇది నీ కొట్టు కాదు, నూనె మాడిపోదు.”

“మాడిన చేపలే ముప్ఫై ఏళ్లు తిన్నావుగా!”

“ఇంకో కొట్టు లేక తిన్నాను.”

అందరూ నవ్వారు. తెర మీద అక్షరాలు అప్పటికే అతికించేశారు. ‘ఎడమైనా, కుడైనా, రోరీ కొడితే గోలే!’ స్టావ్రోస్ సొంత కవిత్వం. దాని కింద అంకె కోసం పళ్లెమంత జాగా వదిలారు.

వెల్మా కళ్లజోడు సవరించుకుని పేజీలు తిప్పింది. రోరీ ఆడిన ప్రతి మ్యాచ్ ఆ పుస్తకంలో ఉంది. ప్రతి కిక్కు ఉంది. కుడి కాలితో కొడితే ‘కు’, ఎడమ కాలితో కొడితే ‘ఎ’. పక్కనే సమయం, ఫలితం.

ఆ పుస్తకం పుట్టిన కథ చిన్నదే. కిందటి ఏడాది ఏప్రిల్లో, వానలో, రెండో జట్టు మ్యాచ్. చూడటానికి వచ్చింది నలభైమంది మనుషులు, మూడు కుక్కలు. పెద్ద జట్టు వరసగా ఓడిపోవడం చూసి చూసి విసిగిపోయిన వాళ్లకి ఈ కుర్రాళ్లే దిక్కు. మొలకలు ఎలా ఉన్నాయో చూసుకునే రైతుల్లా శనివారం పొద్దున్నే వచ్చి కంచె పట్టుకుని నిలబడతారు. వీళ్లు ఆడే ఫుట్‌బాల్‌లో కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, కాలితో గుంజల మధ్యకి కొడతారు. ఆ రోజు నలభై ఒకటో నంబరు వేసుకున్న ఓ సన్నపాటి కుర్రాడు చేతిలోకి వచ్చిన మూడు క్యాచ్‌లు వదిలేశాడు. ఎదురుగా ఖాళీ గుంజలుంటే బంతిని పార్కింగులోకి కొట్టాడు.

“వీణ్ణి ఎంపిక చేసినవాడికి కళ్లజోడు కొనిపెట్టాలి” అన్నాడు స్టావ్రోస్.

వెల్మా ఇంకొకటి చూసింది. క్యాచ్ వదిలిన ప్రతిసారీ ఆ కుర్రాడు తల పట్టుకోలేదు, ఆకాశం వంక చూడలేదు. తరవాతి బంతి దగ్గరికి అందరికంటే ముందు చేరాడు. వచ్చే వారం ఆమె ఓ బడి నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేది కాదు. ఆమె భర్త కెన్ ఫిబ్రవరిలో పోయాడు. శనివారాలు గడవాలి. అంతే.

మాలీ అనే దూరపు పల్లెసీమ గోధుమ పొలాల నుంచి వచ్చిన ఆ కుర్రాడికి ఒకటే లోటు. ఉన్నది ఒక్క కాలే అన్నట్టు ఆడేవాడు. ఎటు తిరిగినా చివరికి కుడి కాలి మీదికే రావాలి. ఆ సంగతి ఎదుటి జట్లకి రెండు వారాల్లో తెలిసిపోయింది. గోలు గుంజల వెనక నిలబడి వెల్మా గొంతు చించుకునేది. “ఎడమ కాలు, రోరీ! అదీ నీదే, వాడుకో!” ముప్ఫై ఎనిమిదేళ్లు పందెపు గుర్రాల సాలలో పనిచేసిన గొంతు అది. అటు చివర గుంజల దాకా వినిపించేది.

రెండో జట్టు ఆటల్లో విరామానికి ప్రేక్షకులు మైదానంలోకి నడిచి వెళ్లి, కోచ్ చుట్టూ ఆటగాళ్లు కట్టిన వలయం వెనకే నిలబడి వినవచ్చు. వెల్మా ఒక్కసారీ మానలేదు. కోచ్ మాటలు అయిపోగానే, “ఎడమ కాలు” అని ఆటగాళ్ల భుజాల మీదుగా ఓ మాట పడేసేది.

“విన్నావురా? ఆవిడ జీతం తీసుకోకుండా చెబుతోంది, జీతం తీసుకుంటున్న నా మాట ఎలాగూ వినవు” అని కోచ్ నవ్వేవాడు.

ఈ ఏడాది జూన్‌లో అద్భుతం జరిగింది. రోరీ ఎడమ కాలితో కొట్టాడు. గోలు. మళ్లీ కొట్టాడు. మళ్లీ గోలు. స్టావ్రోస్ ఎగిరిన ఎగురుడుకి చేతిలోని మాంసం రొట్టె మీది సాసు వెల్మా కోటంతా పడింది. “మనమే నేర్పాం! కంచె అవతల నుంచి మనమే నేర్పాం!” అని ఊరంతా చెప్పుకున్నారు. కోచ్ మురిసిపోయాడు. పేటలో పంచే వారపత్రిక ‘రెండు కాళ్ల రోరీ’ అని రాసింది. అలా అయిదు మ్యాచ్‌లు గడిచేసరికి పెద్ద జట్టు నుంచి పిలుపు వచ్చింది.

ఇదిగో, ఇప్పుడు ఆ ‘ఎ’లు లెక్కపెట్టాలి.

వెల్మా వేలు పేజీ మీద కిందికి జారుతోంది. ఎ, ఎ, ఎ. తిప్పింది. ఎ, ఎ, ఎ, ఎ. వేలు ఆగింది. వెనక్కి తిప్పింది. ముందుకి తిప్పింది.

జూన్ పదో తేదీకి ముందు ఈ ఏడాది ఏడు మ్యాచ్‌లు. తొంభై నాలుగు కిక్కులు. ఎనభై తొమ్మిది కుడి, అయిదు ఎడమ. పదో తేదీ తరవాత అయిదు మ్యాచ్‌లు. అరవై ఒక్క కిక్కులు. యాభై ఎనిమిది ఎడమ. కుడి మూడంటే మూడు.

వెల్మా చెవుల్లో హాలు చప్పుడు దూరమైంది.

కొత్త కాలు నేర్చుకున్నవాడు రెండూ వాడతాడు. ఉన్నట్టుండి ఒక్కటే వాడేవాడు రెండోదాన్ని దాస్తున్నాడు.

ఆ మూడు ‘కు’లు వెతికింది. ఒకటి రెండో క్వార్టర్‌లో, అంటే ఆట రెండో పావు భాగంలో, పద్నాలుగో నిమిషం. పక్కన ఆమె రాతే: ‘పదిహేనో నిమిషంలో బెంచీ మీదికి వెళ్లాడు.’ రెండోది, అంతే. మూడోది, అంతే. కుడి కాలితో కొట్టిన ప్రతిసారీ నిమిషం తిరక్కుండా మైదానం వదిలి వెళ్లాడు.

జూన్ పదో తేదీ పేజీ తెరిచింది. మూడో క్వార్టర్‌లో ఎవరో బరువైనవాడు రోరీ కుడి పాదం మీద పడ్డాడు. దాని పక్కన వెల్మా పెన్సిలుతో రాసుకుంది: ‘లేచాడు. బాగానే ఉన్నాడు.’

“ఎంతా?” స్టావ్రోస్ కత్తెర ఆడించాడు.

“పదకొండు” అంది వెల్మా.

ఆయన ఆ అంకె కత్తిరించి అతికించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

* * *

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పెద్ద జట్టు తేలికపాటి సాధన. కంచె దగ్గర నిలబడి ఎవరైనా చూడవచ్చు. వెల్మా ఎనిమిదింటికే వచ్చింది. ఈసారి ఆమె బంతిని చూడలేదు. కుర్రాడి కుడి మడమను మాత్రమే చూసింది.

పరుగు బాగానే ఉంది. మలుపు బాగానే ఉంది. నీళ్లు తాగడానికి ఆగారు. అందరూ రెండు కాళ్ల మీద నిలబడ్డారు. రోరీ బరువంతా ఎడమ కాలి మీద వేసి, కుడి మడమ బెత్తెడు పైకి లేపి, వేళ్ల కొస మాత్రం గడ్డికి తాకించి నిలబడ్డాడు.

గుర్రం అలా నిలబడితే వెల్మా ఆ గిట్టను చేతిలోకి తీసుకునేది. చెయ్యి పెట్టకముందే తెలిసిపోయేది.

సాధన అయ్యాక ఆటగాళ్లు కంచె దగ్గరికి వచ్చి పిల్లల చొక్కాల మీద సంతకాలు పెడుతున్నారు. రోరీ నవ్వుతూ వచ్చాడు.

“మిసెస్ పాస్కో! రేపు గుంజల వెనక ఉంటారుగా? మీ అరుపు వినపడకపోతే నాకు ఎటు కొట్టాలో తెలీదు.”

“నొప్పి పొద్దున లేవగానే ఎక్కువా, ఆట అయ్యాక ఎక్కువా?”

నవ్వు మొహం మీదే ఉండిపోయింది. కళ్లలోంచి పోయింది. “ఏ నొప్పి?”

వెల్మా పుస్తకం తెరిచి కంచె మీద పెట్టింది. మూడు ‘కు’ల మీద వేలు పెట్టి చూపించింది. పక్కన రాసిన నిమిషాలు చూపించింది. జూన్ పది చూపించింది. ఒక్క మాట వివరించలేదు. కుర్రాడు చివరి గీత దాకా చదివాడు.

“ఎవరికి చెప్పారు?”

“ఇంకా ఎవరికీ చెప్పలేదు.”

“చెప్పకండి.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఒక్క మ్యాచ్, మిసెస్ పాస్కో. రేపొక్కటి. సీజను అయిపోతే నా ఒప్పందమూ అయిపోతుంది. పెద్ద జట్టులో ఒక్క ఆటా ఆడనివాణ్ణి ఎవరు అట్టేపెట్టుకుంటారు? మా ఊరు ఊరంతా బస్సు మాట్లాడుకుని వస్తున్నారు. మా నాన్న కొత్త బూట్లు కొన్నాడు. ఆయన పెళ్లికి కూడా కొనుక్కోలేదు.”

“పాదం మధ్యలోనా? పైన?”

“నొక్కితేనే. మాత్ర వేసుకుంటే ఏం తెలీదు.” ఉన్నట్టుండి తల ఎత్తాడు. కళ్లు ఎర్రబడ్డాయి. “అయినా అడిగింది మీరే కదా! ఏడాదిన్నరగా ఎడమ కాలు, ఎడమ కాలు అని అరిచింది మీరు. వాడితే ఇప్పుడు పుస్తకం పట్టుకుని వచ్చారు!”

ఆ దెబ్బ సూటిగా తగిలింది. వెల్మా కంచె గట్టిగా పట్టుకుంది.

“అరిచాను” అంది. “నువ్వు నేర్చుకున్నావనుకుని చప్పట్లు కొట్టాను. నువ్వు కుంటుతుంటే అయిదు వారాలు చప్పట్లు కొట్టాను నాయనా. రాత్రి అన్నం సహించలేదు.”

కుర్రాడు జెర్సీ అంచుతో మొహం తుడుచుకున్నాడు.

“మా సాలలో ఓ ఆడగుర్రం ఉండేది. నల్లది. ఓ సీజనులో నడక మార్చింది. కొత్త నడకతో వరసగా రెండు పందేలు గెలిచింది. మా యజమాని బాగుపడింది అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. మూడో పందేనికి ఆయన చుట్టాలందర్నీ పిలిచాడు. ఇప్పుడెందుకు చెప్పడం, పందెం అయ్యాక చెబుదాంలే అనుకున్నాను.” తెరిచి ఉన్న పేజీని అరచేత్తో నిమిరింది. “చివరి మలుపు దాటలేదు. దాని తల ఒళ్లో పెట్టుకుని కూచున్నాను, డాక్టరు వచ్చే దాకా.”

దూరంగా ఎవరో రోరీని పిలిచారు. అతను కదల్లేదు.

వెల్మా పుస్తకం మూసి అతని చేతిలో పెట్టింది. “ఇది నీ పుస్తకం. డాక్టరుకి నువ్వే చూపించు. నీ నోటితో చెబితే నీకు మర్యాద. సాయంత్రం అయిదు దాకా ఆగుతాను. నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి తలుపు కొడతాను. తరవాత జన్మంతా నన్ను తిట్టుకో. నడుస్తూ తిట్టుకో, పరవాలేదు.”

* * *

నాలుగింటికి ఆమె తన పాత కారు క్లబ్బు ఎదురుగా ఆపుకుని కూర్చుంది. ఫ్లాస్కులో టీ చల్లారింది. తప్పు చేశానా? పాదం బెణికి ఉంటే? ఒట్టి బెణుకు కోసం పంతొమ్మిదేళ్ల కుర్రాడి చేతిలో అన్నం లాగేశానా? మిగిలిన తొమ్మిదిమంది మొహం ఎలా చూడాలి? శనివారాలు మళ్లీ ఖాళీ అయిపోతాయేమో. ఈ చివరి ఆలోచనకి తన మీద తనకే కోపం వచ్చింది.

నాలుగూ యాభై. దిగింది. మెట్లెక్కింది. డాక్టరు గది తలుపు మీద చెయ్యి ఎత్తింది.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.

రోరీ. చంకల కింద రెండు కర్రలు. కుడి కాలికి మోకాలి దాకా బూడిదరంగు ప్లాస్టిక్ బూటు. చొక్కాలోకి దోపిన నోటుపుస్తకం. ఆమెను చూశాడు. పెదవులు బిగించాడు. ఒక్క మాట కూడా అనకుండా పక్క నుంచి టకటక మంటూ వెళ్లిపోయాడు.

వెనకే డాక్టరు వచ్చింది. నడివయసు మనిషి, మొహం అలసిపోయి ఉంది. “పుస్తకం రాసింది మీరేనా?”

“అవును.”

“స్కాన్ తీయించాం. పాదం మధ్య ఎముకలో వెంట్రుకంత పగులు. రేపు ఆడి ఉంటే రెండు ముక్కలయ్యేది. ఆ ఎముక ముక్కలైతే సరిగ్గా అతుక్కోదు, మళ్లీ ఈ ఆట ఆడటం అనుమానమే. ఇప్పుడైతే బూటు ఎనిమిది వారాలు. తరవాత నెమ్మదిగా పరుగు.” ఆమె తలుపుకి ఆనుకుంది. “మా దగ్గర అన్ని యంత్రాలున్నాయి. మనిషి ఎంత దూరం పరిగెత్తాడో అడుగుతో సహా చెబుతాయి. ఏ కాలితో ఎన్నిసార్లు కొట్టాడో మాలో ఎవరూ లెక్కపెట్టలేదు.”

“వాడంతట వాడే వచ్చాడా?”

“తొమ్మిదీ నలభైకి వచ్చాడు. బూట్లు కూడా విప్పలేదు.”

అంటే కంచె దగ్గర నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. వెల్మా మెట్ల మీద కూర్చుండిపోయింది.

* * *

శనివారం పొద్దున హాల్లో విషయం చెప్పింది. అన్నీ చెప్పింది, పుస్తకం, కంచె, అయిదు గంటల గడువు. స్టావ్రోస్ మొహం కందగడ్డలా అయింది.

“గురువారం నాకు పదకొండు అని చెప్పావు” అన్నాడు. “అప్పటికే తెలుసన్నమాట. అయినా అతికించనిచ్చి ఊరుకున్నావు.”

“అప్పటికి అనుమానమే.”

“ఆరు గంటలు, వెల్మా! నా నడుము ఇంకా...” ఆగిపోయాడు. నేల మీద పరిచిన తెర వంక చూశాడు. ‘ఎడమైనా, కుడైనా.’ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. “అంటే మనం... వాడు నొప్పితో కొడుతుంటే... మనమే నేర్పామని నేను మా కొట్టు కొనుక్కున్నవాడికి కూడా చెప్పాను.”

“నేను నా పళ్ల డాక్టరుకి చెప్పాను” అంది వెల్మా.

ఎవరో ముక్కుతో నవ్వారు. స్టావ్రోస్ లేచాడు. కత్తెర తీసుకుని, పేరున్న పట్టీని అంచుల వెంట జాగ్రత్తగా కోశాడు. కొట్టు మూసినప్పుడు మిగిలిన, చేపలు పొట్లం కట్టే కాగితం ఆయన ఇంట్లో ఇంకా కట్టలు కట్టలుగా ఉంది. పట్టీని అందులో చుట్టి రబ్బరు బ్యాండు బిగించాడు. ఖాళీ అయిన చోట నీలం కాగితం అతికించారు.

“నా గరాజులో ఉంటుంది. ఎలకలు ముట్టుకోవు, వాటికీ నా చేపలు పడవు” అన్నాడు వెల్మా వంక చూడకుండా. అది క్షమించడం అని ఆమెకి తెలుసు.

మాలీ నుంచి బస్సు ఎలాగూ వచ్చింది. టిక్కెట్లు కొన్నారు, మాంసం కూరిన రొట్టెలు కట్టుకున్నారు, ఆడేవాడు లేకపోతే మాత్రం ఆగుతారా? మొదటి క్వార్టర్ అవుతుండగా కొత్త నల్ల బూట్లు వేసుకున్న ఓ పొడవాటి మనిషి గుంజల వెనక్కి వచ్చాడు. చేతిలో పెద్ద ఐసు పెట్టె. మొహం ఎండకి ఎండిన తోలు.

“వెల్మా ఎవరు?”

కుర్రాడి తండ్రి. పోలిక చూస్తే తెలుస్తోంది. స్టావ్రోస్ చటుక్కున ముందుకొచ్చి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

“నేనే వెల్మా. ఏం కావాలి?”

ఆ మనిషి స్టావ్రోస్ తెల్ల మీసాల వంక కాసేపు చూశాడు. “మావాడు చెప్పినదాన్ని బట్టి ఇంకొంచెం అందంగా ఉంటారనుకున్నాను.”

వెల్మా ముందుకు వచ్చింది. “నేను.”

ఆయన ఐసు పెట్టె ఆమె కాళ్ల దగ్గర పెట్టి టోపీ తీశాడు. “అర గొర్రె. మా మందలోదే. కోసి ముక్కలు చేసి ఉంది.” టోపీ అంచు చేతుల్లో తిప్పాడు. “నిన్న ఫోనులో ఏడ్చాడు. చాలాసేపు. మీ మీద కోపంగా ఉన్నాడు, నా మీద కోపంగా ఉన్నాడు, పాదం మీద కోపంగా ఉన్నాడు. మా కుక్క కుంటితే నాకు వంద గజాల నుంచి తెలుస్తుందమ్మా. కొడుకు గురించి తెలీలేదు. ఆదివారం ఆదివారం ఫోనులో ‘బాగానే ఉన్నా నాన్నా’ అనేవాడు. మీరు చూశారు. దానికి ఏమనాలో నాకు రాదు. గొర్రె తెచ్చాను.”

“నేను ఒక్కదాన్నే ఉంటాను. అర గొర్రె ఎన్నాళ్లు తినను?” అంది వెల్మా.

“ఒక్కరే ఎక్కడ?” అన్నాడాయన, కండువాలు చుట్టుకుని తననే చూస్తున్న తొమ్మిదిమందినీ చూసి.

ఆ ఆదివారం స్టావ్రోస్ పెరట్లో పొయ్యి వెలిగించి మాంసం కాల్చాడు. నిమ్మరసం పిండి, వాము ఆకులాంటి ఏదో ఎండు ఆకు చల్లాడు. మాడలేదు. వెల్మా ఆ మాట పైకి అనలేదు.

* * *

సెప్టెంబరులో క్లబ్బు జాబితా వచ్చింది. ఆరుగురిని పంపేశారు. రోరీని ఇంకో ఏడాదికి ఉంచారు. జాబితా చదివి వెల్మా తన వంటింట్లో నిలబడి కెన్ కుర్చీతో, “ఉంచారు” అంది.

కానీ కుర్రాడి నుంచి పలకరింపు లేదు. పుస్తకమూ రాలేదు. మిగిలిన కుర్రాళ్ల సాధన చూడటానికి వెళ్లినప్పుడు చేతులు ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. కొత్త పుస్తకం కొనబుద్ధి కాలేదు. తిట్టుకో అని తనే చెప్పింది. తిట్టుకుంటున్నాడు కాబోలు. నడుస్తూనే కదా, చాలు అనుకుంది.

ఫిబ్రవరిలో, ఆ దక్షిణపు దేశపు నడివేసవిలో, మండిపోయే ఎండలో, కొత్త సీజను సాధన. రోరీ అందరితో పాటు పరిగెత్తాడు. నీళ్లు తాగడానికి ఆగినప్పుడు వెల్మా కళ్లు వాటంతట అవే అతని మడమ మీదికి వెళ్లాయి. రెండు పాదాలూ గడ్డి మీద గట్టిగా ఆని ఉన్నాయి.

అతను సంచిలోంచి ఏదో తీసుకుని కంచె దగ్గరికి వచ్చాడు. పుస్తకం. మూలలు మడతలు పడి, అట్ట మీద కాఫీ మరకతో.

“ఆలస్యమైంది” అన్నాడు. “ముందు కోపం. తరవాత సిగ్గు. తరవాత... పూర్తి చేసి ఇద్దామని.”

వెల్మా తెరిచింది. తన రాత ఆగిపోయిన చోట నుంచి మరో రాత మొదలైంది. కోడి గీకినట్టుంది.

‘జులై 22. పెద్ద జట్టు మ్యాచ్. బెంచీ వెనక కూర్చున్నా. కిక్కులు 0.’ ‘జులై 29. బూటు. కిక్కులు 0.’ అలా ఎనిమిది వారాలు, ఎనిమిది సున్నాలు. ఒక్క వారం కూడా వదల్లేదు. ‘సెప్టెంబరు 18. బూటు తీశారు. కాలు పిల్లి కాలులా ఉంది.’ ‘అక్టోబరు 20. కు – 5. పది మీటర్లు. నొప్పి లేదు.’ ‘అక్టోబరు 27. కు – 10. ఎ – 10. నాన్న కంచె మీద కూర్చుని లెక్కపెట్టాడు.’ ‘డిసెంబరు 14. కు – 40. ఎ – 40. మీరు ఇక్కడ ఉంటే ఎడమది ఇంకా గట్టిగా కొట్టమనేవారు.’

అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఖాళీ పేజీలు మీకు నచ్చవు కదా” అన్నాడు రోరీ. కంచె మీది పెయింటు గోరుతో గోకుతూ, “థాంక్స్, మిసెస్ పాస్కో. అప్పుడు తలుపు దగ్గర అనాల్సింది” అన్నాడు.

“నాకు నువ్వేం బాకీ లేవు. ఏడాదిన్నర శనివారాలు ఇచ్చావు నాకు. అవి లేకపోతే ఏమయ్యేదాన్నో” అంది వెల్మా. వెంటనే గొంతు సవరించుకుంది. “డిసెంబరు పద్నాలుగున ఎన్ని గోల్స్ అయ్యాయో రాయలేదు. ఇదేం లెక్క?”

రోరీ పగలబడి నవ్వాడు.

* * *

మే నెల రెండో శనివారం. అక్కడ చలికాలం మొదలయ్యే రోజులు, చల్లటి గాలి. గోలు గుంజల ముందు కాగితపు తెర రెండు కర్రల మధ్య నిలబడి ఊగుతోంది. మధ్యలో పేరున్న పట్టీ మాత్రం చుట్టూ ఉన్న నీలం కంటే ఓ ఛాయ వెలిసింది. దగ్గరికి వెళితే కాస్త చేపల వాసన వస్తోంది. పదకొండు అంకె పీకేసి, ఆ జాగా ఖాళీగా వదిలారు.

జెర్సీ తండ్రి చేతుల మీదుగా తొడిగించారట, ఆయన వేసుకున్నవి ఆ నల్ల బూట్లేనట. బస్సు ఈసారి రెండు వచ్చాయి.

స్టాండ్ల కింది సొరంగపు దారిలోంచి జట్టు దూసుకొచ్చింది. ఆనవాయితీ ప్రకారం కొత్తవాడు ముందు. రోరీ పెండర్ తన పేరును తనే ఛాతీతో చీల్చుకుని ఇవతలికి వచ్చాడు. మూడు సెకన్లు. స్టావ్రోస్ గాల్లోకి ఎగిరిన నీలం ముక్క ఒకటి పట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

మొదటి క్వార్టర్ ఆరో నిమిషంలో బంతి అతని చేతిలో పడింది. ఎదురుగా ఖాళీ. కుడి కాలితో కొట్టాడు, పొడవుగా, నిటారుగా. వెల్మా పెన్సిలు ఆపి చూసింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. అతను బెంచీ వైపు చూడనైనా లేదు. అప్పుడు రాసింది. ‘కు.’

పన్నెండో నిమిషంలో మళ్లీ బంతి. ఈసారి ఇటు, వీళ్ల గుంజల ముందే. కుడివైపు నుంచి ఇద్దరు మీదికి వస్తున్నారు. కుడి కాలికి దారి లేదు. స్టాండ్లన్నీ లేచి నిలబడ్డాయి. ఇన్నాళ్లలో మొదటిసారి వెల్మా అరవలేదు. పెదవులు కరుచుకుని ఊరుకుంది.

అతను ఎడమకి వంగాడు. ఎడమ కాలు లేచింది.

బంతి ఆమె తల మీదుగా వెళ్లి వెనక వరసలో ఎవరి టీ గ్లాసునో పడగొట్టింది. గోలు. మాలీ బస్సుల వాళ్లు పెట్టిన కేకకి పావురాలు స్కోరుబోర్డు మీద నుంచి లేచిపోయాయి. స్టావ్రోస్ ఎగిరిన ఎగురుడుకి మళ్లీ సాసు ఎవరి కోటు మీదో పడింది.

“రాశావా? ఏం రాశావు? చూపించు!” అని ఆయన పుస్తకంలోకి తొంగి చూశాడు.

‘కు’ పక్కన ‘ఎ’ పెడుతున్న వెల్మా మోచేత్తో ఆయన్ని నెట్టింది.

“ఆట అయ్యాక చూపిస్తా. పక్కకి జరుగు, వాడు కనపడటం లేదు.”